పుస్తకాల పెట్టె: కోరల కథలు మా పిల్లలకెందుకు?

రెండు నెలల క్రితం ఇదే శీర్షికలో హోలీ బ్లాక్ రాసిన 'ది కోల్డెస్ట్ గర్ల్ ఇన్ కోల్డ్‌టౌన్' గురించి నాలుగు వాక్యాలు రాశాను. టీనేజీ పిల్లల కోసం 2013లో వచ్చిన అమెరికా నవల అది. వాంపైర్ల కథ, అంటే మనుషుల నెత్తురు తాగి బతికే కోరల పిశాచాల కథ. చీకటి ఎక్కువ, నెత్తురు ఇంకా ఎక్కువ. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు భాగవత పద్యాల మీద నాలుగు పేజీలు రాసినప్పుడు కూడా రాలేదు. మెచ్చుకున్నవాళ్ళు కొందరు, తిట్టినవాళ్ళు కొందరు, పుస్తకం మొహం చూడకుండా తిట్టినవాళ్ళు మరికొందరు. అందరికీ జవాబు చెప్పడం నా వల్ల కాదు కనుక కొన్ని ఏరాను. ఈ నెల పేజీలన్నీ కోరలవాళ్ళవే.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. మీరు రాసింది చూసి ఆ నవల తెప్పించుకుంది. అర్ధరాత్రి దాటాక కూడా దుప్పటి కింద ఫోను వెలుతురులో చదువుతోంది. ఏముందో చూద్దామని నేనూ రెండు అధ్యాయాలు చదివాను. ఎవరో పిల్లలు పార్టీ చేసుకున్నారట, తెల్లవారేసరికి ఇల్లంతా శవాలు. స్నానాల తొట్టిలో నిద్రపోయిన ఒక అమ్మాయి లేచి ఆ శవాల మధ్య నడుస్తుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా అమ్మాయి మాత్రం జంతికలు నములుతూ చదువుతోంది. ఇందులో అంత ఆకర్షణ ఏముందమ్మా? పుస్తకం లాక్కోమంటారా?
(ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: పుస్తకం లాక్కోవద్దు. అర్ధరాత్రి దాటాక ఫోను మాత్రం లాక్కోండి. పోతన భాగవతం చదువుతున్నా లాక్కోవలసిందే, అది నిద్రకు సంబంధించిన విషయం.

రెండు అధ్యాయాలు చదివాక ఉత్తరం రాశారు కదా, ముందు అందుకు నా నమస్కారం. చాలామంది అట్ట మీద నెత్తురు చుక్క చూసి నేరుగా కలం పట్టుకుంటారు. ఇక జంతికల సంగతి. మీ అమ్మాయి రాతిగుండెది అయిపోయిందని బెంగపెట్టుకోకండి. మీ కళ్ళు శవాల మీద ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్ళు వాటి మధ్య నడుస్తున్న మరో పిల్ల వెంట పోతున్నాయి, ఇప్పుడిది ఏం చేస్తుందా అని.

మీరు ఆపేసిన చోటు నుంచి కాస్త చెబుతాను. ఈ నవలలో వాంపైర్ కరవగానే మనిషి వాంపైర్ అయిపోడు. ఒంట్లో చలి దిగుతుంది, దానితోపాటు మనిషి నెత్తురు తాగాలన్న దాహం పుడుతుంది. ఆ దాహానికి లొంగి తాగాడా, చచ్చి వాంపైర్‌గా లేస్తాడు. తాగకుండా 88 రోజులు బిగబట్టుకుంటే చలి విరిగి మళ్ళీ మామూలు మనిషవుతాడు. ఇలా చలి సోకినవాళ్ళనూ వాంపైర్లనూ ప్రభుత్వం గోడలు కట్టిన ఊళ్ళలోకి తోసేస్తుంది. ఆ ఊళ్ళే కోల్డ్‌టౌన్లు.

మీరు తొట్టిలో చూసిన అమ్మాయి తానా, పదిహేడేళ్ళది. ఆమె చిన్నతనంలో వాళ్ళమ్మకే ఈ చలి సోకింది. భార్యను గోడల ఊరికి పంపడానికి మనసొప్పక తండ్రి ఆమెను ఇంటి నేలమాళిగలో పెట్టి తాళం వేశాడు. గడువు దాటితే బాగుపడుతుందన్న ఆశ. ఇంట్లో చిన్నపిల్లలు అన్నం తింటున్నా, ఆడుకుంటున్నా కింది నుంచి అమ్మ ఏడుపు, అరుపులు, బతిమాలడం. ఒకరోజు తానా తాళంచెవి దొంగిలించి మెట్లు దిగింది. తల్లి ఆ పిల్ల చెయ్యి కొరికింది. బిడ్డను కాపాడుకోవడానికి తండ్రి పార ఎత్తి భార్యను చంపాడు. ఆ పంటి మచ్చ తానా చేతి మీద ఇంకా ఉంది.

నేను ఆడపిల్లల కాలేజీ గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని. పిల్లలకు ఏ పేజీ నచ్చిందో తెలుసుకోవడానికి వాళ్ళను అడగనక్కర్లేదు. పుస్తకాన్ని బల్ల మీద వెన్ను ఆనించి నిలబెట్టి చేతులు వదిలేయాలి. ఎక్కువసార్లు తెరిచిన చోట అదే విచ్చుకుంటుంది. ప్రేమ నవలలు ఎక్కడ విచ్చుకుంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ నవలలోనూ ముద్దులున్నాయి. మా గ్రంథాలయం ప్రతి మాత్రం నేలమాళిగ దగ్గర విచ్చుకునేది. అంచున నూనె వేలిముద్ర, రెండు వాక్యాల కింద పెన్సిలు గీత. గీసిన పిల్లకు జరిమానా వేయాలని రూలు. వేయలేదు.

పదహారేళ్ళ పిల్లకు బయటి నుంచి వచ్చే రాక్షసుడంటే పెద్ద భయం ఉండదు. కావలసినవాళ్ళు కళ్ళనీళ్ళతో అడిగినప్పుడు కాదనడం ఎలా అన్నదే ఆ వయసులో ప్రాణసంకటం. ఫొటో పంపకపోతే చచ్చిపోతానని బెదిరించే స్నేహితుడు, పరీక్షలో చూపించమని బతిమాలే స్నేహితురాలు, 'నువ్వు ఎంపీసీ తీసుకోకపోతే నా పరువేం కావాలి' అని కూలబడిపోయే నాన్న. వాళ్ళ బాధ నిజమైనదే, ప్రేమ కూడా నిజమైనదే. అయినా తలుపు తీస్తే కొరుకుతారు. మనం పిల్లలకు చెప్పే నీతికథల్లో చెడ్డవాడు మీసం మెలేసుకుంటూ వస్తాడు కనుక ఈ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పరు. ఈ నవల చెబుతుంది. తాళం తీసిన పిల్లను పాపిష్టిదని తిట్టదు, పోనీలే చిన్నపిల్ల అని వదిలేయదు కూడా. ఆ మచ్చతోనే పెరిగి పెద్దదై, మళ్ళీ అలాంటి తలుపు ఎదురైతే ఏం చేస్తుందో చూద్దాం రమ్మని మూడు నాలుగు వందల పేజీలు వెంట తిప్పుకుంటుంది. మీ అమ్మాయిని మేలుకొలిపి ఉంచుతున్నది అది.

పుస్తకం పూర్తయ్యాక ఒక్క మాట అడగండి: నువ్వయితే తాళం తీసేదానివా? జవాబు చెబుతున్నప్పుడు మాత్రం మధ్యలో మాట్లాడకండి. తల్లులకు అది కష్టమని తెలుసు.

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు. వాంపైర్ నవలలంటే ప్రాణం. మా క్లాసులో అబ్బాయిలు, మా అక్క కూడా నవ్వుతారు. 'అన్నీ ఒకటే కథ, వందేళ్ళ అందగాడు, పదిహేడేళ్ళ పిచ్చిది' అంటారు. మీరు చెప్పిన నవల కూడా అదే బాపతు అంటున్నారు. ఏమని జవాబు చెప్పాలి?
(ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: అమ్మాయీ, మీ అక్క మాటలో సగం నిజముంది. స్టెఫనీ మేయర్ 'ట్విలైట్' 2005లో వచ్చింది, 2008లో సినిమా అయింది. ఆ తర్వాత మా గ్రంథాలయానికి వచ్చిన పిల్లలు అలాంటివే అడిగేవారు. అందులో అబ్బాయి రాత్రిళ్ళు కిటికీలోంచి వచ్చి అమ్మాయి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. చదివే పిల్లలు గుండె మీద చెయ్యి వేసుకునేవారు. మా అమ్మమ్మ అయితే చీపురు తిరగేసేది. నేను అమ్మమ్మ పక్షం. అలాగని ఆ పిల్లలు పిచ్చివాళ్ళని అనను. నన్ను తినేయగల బలం ఉన్నవాడు నన్ను తినకుండా ఆగుతున్నాడన్న ఊహలో మత్తు ఉంది. మన ఊళ్ళలో మగవాళ్ళ చూపుల మధ్య బస్సెక్కే ఆడపిల్లకు, బలమున్నవాడు తనంతట తాను చేతులు కట్టుకోవడం అనే కల తియ్యగా ఉండదా? ఉంటుంది. కలగానే ఉంటుంది, అంతే.

హోలీ బ్లాక్ నవలలోనూ వందల ఏళ్ళ అందగాడు ఉన్నాడు, గావ్రియల్. కాస్త మతి చలించినవాడు కూడా. కానీ మొదటిసారి కనిపించినప్పుడు అతను గొలుసులతో కట్టేసి ఉంటాడు. అదే గదిలో తానా పాత స్నేహితుడు ఏడెన్, కాటు తిని, మంచానికి కట్టేసి ఉంటాడు. ఆ ఇద్దరినీ బయటపడేసేది ఈ పిల్లే. వాంపైర్‌ను కారు డిక్కీలో పడేసి మూత వేసి బండి నడుపుతుంది. కథానాయకుణ్ణి డిక్కీలో వేసుకుని పోయే కథానాయికను మీ అక్క ఎన్ని నవలల్లో చూసిందో అడుగు.

ఇంకో సంగతి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఈ కథలో కోల్డ్‌టౌన్ లోపల వాంపైర్లు ఇచ్చే విందులు కెమెరాల్లో ప్రసారమవుతుంటాయి. బయట పిల్లలు రాత్రంతా కళ్ళప్పగించి చూస్తుంటారు. తానా చెల్లెలు పెర్ల్ కూడా వాళ్ళలో ఒకతి. నీలం రంగు జుట్టుతో మిడ్‌నైట్ అనే అమ్మాయి, ఆమె కవల సోదరుడు వింటర్, వాంపైర్లు అయిపోవాలనే ఇల్లు వదిలి ఆ గోడల ఊరికి బయల్దేరతారు. చావు లేని అందం, ఎప్పటికీ తరగని యవ్వనం, లక్షల మంది చూపు. అంటే ఏమిటి? వాంపైర్ కథల మోజులో పడ్డ పిల్లలనే రచయిత్రి కథలో పాత్రలుగా తెచ్చి పెట్టింది. ఆ మోజును వెక్కిరించలేదు, జోకొట్టలేదు. గేటు తెరిచి లోపలికి పంపి, లోపల మురుగు, ఆకలి, నెత్తురు అమ్ముకునే మనుషులు ఎలా ఉంటారో చూపించింది. వాళ్ళ గతి ఏమైందో చెప్పను, నువ్వింకా చదవకపోతే నన్ను తిట్టుకుంటావు.

అబ్బాయిలు ఇంకా నవ్వితే 1816 సంగతి చెప్పు. అంతకు ముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేయడంతో ఐరోపాలో వేసవి రాలేదు. వానలకు బయటికి వెళ్ళలేక జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో కొందరు కూర్చుని దెయ్యం కథలు రాయడానికి పందెం వేసుకున్నారు. ఆ ఇంట్లో కవి బైరన్ వెంట వచ్చిన డాక్టర్ పోలిడోరికి ఇరవై ఏళ్ళు. ఇంగ్లిషులో మొదటి పేరున్న వాంపైర్ కథ అతనిది, 1819లో అచ్చయింది. అదే పందెంలో ఫ్రాంకెన్‌స్టైన్ కథ మొదలుపెట్టిన మేరీకి (తర్వాత మేరీ షెల్లీ) పద్దెనిమిది. చీకటి కథలు పెద్దవాళ్ళు తయారుచేసి పిల్లలకు అంటగట్టిన సరుకు అనుకుంటారు చాలామంది. మొదట రాసినవాళ్ళే మీ ఈడువాళ్ళు.

ప్రశ్న: ఎండ తగిలితే వాంపైర్ బూడిదవుతాడని మొదట రాసింది 'డ్రాక్యులా' రచయితేనా? మా మిత్రుల మధ్య పందెం.
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ఓడిపోయారు. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాక్యులా లండన్ వీధుల్లో పట్టపగలు తిరుగుతాడు. పగలు శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు చావడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా 'నోస్ఫెరాటు' నుంచి పాకింది. స్టోకర్ నవలలో గట్టిగా ఉన్న నియమం వేరే: ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు రమ్మని పిలవనిదే మొదటిసారి గడప దాటలేడు.

ప్రశ్న: మేడమ్, మీ శీర్షికను ఎప్పటి నుంచో చదువుతున్నాను. ఈసారి నిరాశపడ్డాను. నెత్తురు తాగే కథలు పాశ్చాత్య వికృతి. మన సంప్రదాయంలో పిల్లలకు ఇలాంటివి ఎన్నడూ చెప్పలేదు. ఇవి చదివిన పిల్లల మనసు పాడవదా? మీ వంటి పెద్దలు వీటిని ప్రోత్సహించడం భావ్యమేనా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జవాబు: మాస్టారూ, చందమామ చదవని ఇంట్లో పెరిగారా మీరు? నమ్మను. శ్మశానంలో చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు, ఆ శవంలోంచి మాట్లాడే బేతాళుడు. ప్రతి నెలా ఆ బొమ్మ చూడకుండా మనలో ఎవరం నిద్రపోయాం? పదేళ్ళ పిల్లల కోసం అచ్చయిన పత్రిక అది. ఆ బేతాళుణ్ణే రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు 1870లో లండన్‌కు పట్టుకెళ్ళి, వాంపైర్ అని పేరు పెట్టి పుస్తకం వేశాడు. ఆ బర్టన్‌ను స్టోకర్ స్వయంగా కలిశాడు. మాట్లాడుతున్నప్పుడు అతని పై పెదవి లేచి కోరపన్ను మెరిసిన తీరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. కనుక ఆ గట్టు మీద మన బంధువులూ ఉన్నారు.

ఇంకా వెనక్కి వెళదాం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరం మొదట్లో గుణాఢ్యుడి కథ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. శాతవాహన రాజు కొలువులో పందెం ఓడి, మూడు భాషలు వదిలేసి అడవి పట్టిపోయాడు. అక్కడ పైశాచీ భాష నేర్చుకుని బృహత్కథ రాశాడు. అడవిలో సిరా లేదు, తన నెత్తురుతోనే రాశాడు. ఏడు లక్షల శ్లోకాలు. రాజు చూసి, పిశాచాల భాష, పైగా నెత్తురు అక్షరాలు, ఛీ పొమ్మన్నాడు. గుణాఢ్యుడు కొండమీద నిప్పు రాజేసి, ఒక్కో పత్రం చదివి మంటలో వేయడం మొదలుపెట్టాడు. అడవిలో జంతువులన్నీ మేత మరిచి, చుట్టూ చేరి, కన్నీళ్ళు కారుస్తూ విన్నాయి. మేత లేక అవి ఎండిపోయాయి, ఆ ఎండు మాంసం తిని రాజుకు జబ్బు చేసింది. కారణం ఆరా తీసి పరుగెత్తి వచ్చేసరికి మిగిలింది ఒక లక్ష. మాస్టారూ, ఆకలి కూడా మరిచి వింటున్నవాళ్ళను వదిలేసి, సిరా రంగు చూసి కథను తోసేసిన రాజు మీద మనకు క్లాసులో ఎప్పుడూ జాలి కలగలేదు.

పెద్ద గ్రంథాలు వద్దంటే మన వీధుల్లోకే రండి. తలుపు మీద సుద్దతోనో బొగ్గుతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన ఇళ్ళు మీరు చూసే ఉంటారు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి బాగా తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికి తలుపు తీస్తే ప్రాణం పోతుందనీ భయం. రాత చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడు వచ్చి మళ్ళీ చదువుకుని మళ్ళీ వెళ్ళిపోతుంది. చదువొచ్చిన దెయ్యం, పాపం తేదీలు మాత్రం రావు. నవ్వులాటకే కానీ, గమనించారా: స్టోకర్ నియమం లాంటిదే ఇదీ. అది తనంతట తాను లోపలికి రాదు. మనమే తియ్యాలి. తీసేది తెలిసిన గొంతు విని. తానా వాళ్ళ నేలమాళిగలో వినిపించిందీ తెలిసిన గొంతే. సముద్రాల అవతల పుట్టిన కథ మన పిల్లకు పరాయిగా తోచకపోవడానికి ఈ ఒక్కటీ చాలు.

మనసు పాడవుతుందా అన్నారు. చీకటి నవల చదివిన పిల్ల చీకటిమయం అవుతుందంటే, నెలకు ఆరు హత్యల నవలలు నమిలిన మా రిటైర్డ్ మిత్రబృందమంతా ఈపాటికి జైల్లో ఉండాలి. అయితే ఒకటి గట్టిగా చెబుతాను. పిల్ల తిండి మానేసినా, స్నేహితులను వదిలేసినా, తనను తాను గాయపరుచుకునే మాటలు మాట్లాడినా చేతిలో ఏ పుస్తకం ఉందో వెతుకుతూ కాలం వృథా చేయకూడదు. మనసు వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: మేం బోస్టన్ దగ్గర ఉంటాం. మొదటి కోల్డ్‌టౌన్ ఉన్నది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అని నవలలో చదివి ఉలిక్కిపడ్డాను. బాస్కెట్‌బాల్ పుట్టిన ఊరని పిల్లల్ని తీసుకెళ్ళి మ్యూజియం చూపించిన ఊరు అది, గంటన్నర ప్రయాణం. ఈ ప్రాంతానికీ వాంపైర్లకూ నిజంగా ఏమైనా సంబంధం ఉందా? మా అబ్బాయికి పదకొండేళ్ళు, పుస్తకం అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?
(ఒక ప్రవాస పాఠకురాలు, మసాచుసెట్స్)

జవాబు: రెండో దానికి ముందు జవాబు: ఇవ్వకండి. పద్నాలుగు, పదిహేను దాటాక ఇవ్వండి. శవాల కోసం కాదు, తల్లి కోసం. పదకొండేళ్ళవాడికి అమ్మ నేలమాళిగలో ఉండటం కథలా ఉండదు. అదే రచయిత్రి చిన్నపిల్లల కోసం చిత్రకారుడు టోనీ డిటెర్లిజీతో కలిసి చేసిన 'స్పైడర్‌విక్' పుస్తకాలున్నాయి, వాటితో మొదలుపెట్టించండి.

ఇక సంబంధం. రచయిత్రి దీన్ని మనసులో పెట్టుకుని రాసిందని నేను అనడం లేదు. కానీ మీ పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లో ఎక్సెటర్ అనే పల్లె ఉంది. అక్కడ జార్జ్ బ్రౌన్ అనే రైతు భార్య క్షయతో పోయింది. తర్వాత పెద్ద కూతురు పోయింది. 1892 జనవరిలో పంతొమ్మిదేళ్ళ మెర్సీ పోయింది. కొడుకు ఎడ్విన్ అప్పటికే అదే జబ్బుతో మంచం పట్టి ఉన్నాడు. చచ్చినవాళ్ళలో ఎవరో సమాధిలోంచే ఎడ్విన్ ప్రాణం పీలుస్తున్నారని ఊరివాళ్ళు తండ్రి మీద ఒత్తిడి తెచ్చారు. మార్చిలో మూడు శవాలూ బయటికి తీశారు. తల్లి, అక్క దాదాపు ఎముకలే మిగిలారు. చలికాలంలో పోయి రెండు నెలలే అయిన మెర్సీ శరీరం చెడలేదు, గుండెలో నెత్తురుంది. ఇంకేం కావాలి? ఆ గుండె కాల్చి, బూడిద కలిపి అన్నకు తాగించారు. మే నెలలో అతనూ పోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీలో రాబర్ట్ కోక్ 1882లోనే చూపించాడు, పదేళ్ళ ముందు. ఆ వార్త ఊరివాళ్ళ నమ్మకాన్ని కదిలించలేదు, కదిలించినా తాగించడానికి మందు లేదు.

ఆ తండ్రికి ఇలాంటి నమ్మకం లేదని ఆనాటి పత్రికలే రాశాయి. ఊరు అడిగింది, ఒప్పుకున్నాడు. ఈ కథ చదివినప్పుడు నాకు మెర్సీ కన్నా జార్జ్ బ్రౌన్ ఎక్కువ గుర్తుంటాడు. ఇంట్లో ఒకరి జబ్బు ఇంకొకరిని తినేస్తుంటే ఎవరిని కాపాడాలి, ఎవరిని దూరం పెట్టాలి? క్షయ ఉన్న ఇళ్ళలో వేరే కంచం, వేరే గ్లాసు, పెరట్లో వేరే మంచం చూసిన తరం మాది. కరోనా రోజుల్లో గది తలుపు బయట అన్నం పళ్ళెం పెట్టి పక్కకు తప్పుకున్న పిల్లలు మీవాళ్ళు. తానా వాళ్ళ నాన్న వేసిన తాళం వాళ్ళకు అర్థం కాదని ఎందుకనుకోవాలి?

ప్రశ్న: తెలుగులో టీనేజీ పిల్లల కోసం వాంపైర్ నవల రాస్తున్నాను. కథానాయకుడు నల్ల ఓవర్‌కోటు వేసుకుని రాత్రిళ్ళు భీమిలి బీచ్‌లో తిరుగుతుంటాడు. మీ సలహాలు కావాలి.
(ఒక యువ రచయిత, విశాఖపట్నం)

జవాబు: ముందు ఆ కోటు విప్పించండి. మే నెలలో భీమిలిలో ఓవర్‌కోటు వేసుకున్నవాణ్ణి చంపడానికి శిలువలు, వెల్లుల్లి ఎందుకు, ఉక్కపోత చాలు.

వాడు ఎలా కనిపిస్తాడన్నది తర్వాత. మీ కథలో నియమం ఏమిటి? హోలీ బ్లాక్ 88 రోజులని ఒక్క అంకె పెట్టింది. ఆ అంకె వల్ల ప్రతి పాత్రకూ ఒక లెక్క వచ్చింది. తాళం వేసిన తండ్రికి, లోపల అరిచే తల్లికి, కాటు పడిన కుర్రాడికి, 'నాకు సోకిందో లేదో' అని వేళ్ళు మడిచే తానాకు. శవాల ఇంట్లోంచి బయటపడుతుంటే ఒక వాంపైర్ పన్ను ఆమె కాలికి గీసుకుంటుంది. అది కాటో కాదో తెలియదు. సోకితే ఎన్ని రోజులు, ఎవరి దగ్గర, ఏ తాళం వెనక? నియమం పాఠకుణ్ణి భయపెట్టడానికి పనికిరాదు. పాత్ర చేత కష్టమైన పని చేయించడానికి పనికొస్తుంది.

మీ ఊళ్ళో రాత్రి తిరిగేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. ఫ్యాక్టరీ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేవాళ్ళు, హార్బర్‌లో తెల్లవారుజామున వేట పడవల కోసం కాచుకునేవాళ్ళు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్. వాళ్ళలో ఒకడు పగలు కనపడకపోయినా ఎవరూ పట్టించుకోరు, అది మీకు ఉపయోగపడుతుంది. గడప నియమం ఉంచుకోవాలంటే ఈ కాలపు గడప ఏమిటో ఆలోచించండి. డెలివరీ కుర్రాడికి ఓటీపీ చెప్పడం కూడా లోపలికి రమ్మనడమే. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు బయట నుంచి వచ్చే గొంతు ఎవరిది? కోరల అందగాడిదైతే మీ నవల వంద నవలల్లో కలిసిపోతుంది. చనిపోయిన అన్నదైతే, హాస్టల్ నుంచి వెళ్ళిపోయిన స్నేహితురాలిదైతే, నేను కూర్చుని చదువుతాను.

మొదటి అధ్యాయం పంపండి. చేతిరాత అయితే కాగితానికి ఒకవైపే రాయండి, ఎర్ర సిరా వాడకండి.